తుపాకి, చట్టము, నేరము

ఒకప్పుడు మన ఇండ్లలో రేడియో పెట్టె ఉంచుకొనుటకు లైసెన్సు కావలసియుండెడిది. తపాలా కార్యాలయమునకు పోయి సాలుకొక మారు రుసుము చెల్లించిన చాలును. ఇంటి యజమాని మంచివాడా, చెడ్డవాడా అని విచారించువారు లేరు. తుపాకి లైసెన్సు సంగతి వేరు. అందు రుసుము స్వల్పవిషయము. ఈ మనుష్యుని చేతిలో ఆయుధ ముంచవచ్చునా అను ప్రశ్న ముఖ్యము. ఆ ప్రశ్న వేయుటకు ప్రభుత్వమునకు అధికార మెక్కడిది, ఎవరిని అడుగవలెను, ఎవరిని అడుగక విడువవలెను, అడిగినందువలన నేరములు తగ్గునా అను విషయములను గూర్చి మన దేశములో నూటయేబది యేండ్లకు పైగా వాదము జరుగుచున్నది. ఆ వాదము యొక్క చరిత్రను పాఠకులకు క్లుప్తముగా మనవి చేయవలెనని మా ఉద్దేశము.

మొదట ఒక విషయము గుర్తుంచుకొనవలెను. ఆయుధముల చట్టము అనగానే మనకు దొంగలు, హంతకులు జ్ఞప్తికి వత్తురు. కాని మన దేశమున ఈ చట్టమునకు తల్లి తిరుగుబాటు భయము. నేరనివారణ అను పేరు దానికి తరువాత వచ్చి చేరినది. ఈ పుట్టుకను మరచినచో తరువాతి కథ అర్థము కాదు.

తెలుగుదేశము ఈ అనుభవమును తక్కిన ప్రాంతములకంటె ముందుగనే చవిచూచినది. 1800వ సంవత్సరమున నిజాము దత్తమండలములను కుంపిణీ వారికి అప్పగించినపుడు, అచ్చట ఊరూర బురుజులును, పాలెగాండ్రును, వారి నాశ్రయించిన సాయుధభటులును ఉండిరి. అచ్చటికి ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేండ్ల కాలములో సుమారు 80 మంది పాలెగాండ్రను లోబరచి, వారి భటవర్గములను చెదరగొట్టెను. 1801 డిసెంబరులో మద్రాసు ప్రభుత్వము, పాలెగాండ్రును వారి జనులును ఆయుధములు ధరింపరాదని దక్షిణమున ప్రకటన గావించెను. అయినను నిప్పు పూర్తిగా చల్లారలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడి, 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్ల వద్ద ఉరితీయబడెను.

ఆయుధము విడిచిన రైతునకు, భటునకు బదులుగా ప్రభుత్వ మిచ్చినది ఒక్క మాట మాత్రమే. నీ పంటకును, ప్రాణమునకును ఇక మేము పూచీ అనుటయే ఆ మాట. న్యాయస్థానములు, ఠాణాలు, గ్రామ కావలివారు ఆ మాటకు సాక్షులు. ప్రజలు ఆయుధమును అప్పగించుట, ప్రభుత్వము రక్షణ కల్పించుట అను ఈ ఒప్పందమును మనము చేతబట్టుకొని చూచినచో, తరువాతి వాదములన్నియు దాని చుట్టునే తిరుగుచున్నట్లు కనబడును.

1857 మే 10వ తేదీన మీరటులో సిపాయిలు తిరుగబడిరి. ఎన్‌ఫీల్డు తుపాకి తూటాలకు పూసిన కొవ్వును గూర్చిన అనుమానము ఆ మంటకు నిప్పురవ్వ అయినదని మనము పాఠశాలలో చదివియున్నాము. తిరుగుబాటు అణగిన పిదప ప్రభుత్వము చేసిన మొదటి పనులలో నిరాయుధీకరణ మొకటి. 1857లో తాత్కాలికముగా నొక చట్టమును, 1860లో మరియొక చట్టమును చేసిరి. అన్నిటికంటె అయోధ్యరాష్ట్రమున ఈ పని గట్టిగా సాగినది. అచ్చట దాదాపు 700 ఫిరంగులు, ఇంచుమించు రెండు లక్షల తుపాకులు, అయిదు లక్షలకు మించిన కత్తులు ప్రభుత్వము చేతికి చిక్కినవి. తాలూకాదారుల కోటలు వేయికి పైగా నేలమట్టమయినవి. ఆ కత్తులలో ఎన్ని తిరుగుబాటున ఝళిపింపబడినవో, ఎన్ని పెండ్లి ఊరేగింపులందు మాత్రమే మెరసినవో విడదీసి చూచినవారు లేరు.

తరువాత వచ్చినది 1878వ సంవత్సరపు 11వ చట్టము. అప్పటి రాజప్రతినిధి లిట్టను ప్రభువు. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టము కూడ ఆ యేటిదే. పత్రికల చట్టమును రిప్పను ప్రభువు కాలమున రద్దు చేసిరి గాని, ఆయుధముల చట్టము మాత్రము ఎనుబదియేండ్లకు పైగా నిలిచినది. లైసెన్సు లేక ఆయుధములు చేయుట, అమ్ముట, దిగుమతి చేయుట, ధరించి తిరుగుట దాని ప్రకారము నేరము. ఆయుధ మను మాటకు ఆ చట్టము చెప్పిన అర్థమును చూడుడు: తుపాకులు, ఫిరంగులు మాత్రమే గాక కత్తులు, బాకులు, బల్లెములు, బల్లెపు మొనలు, విల్లంబులు కూడ అందులో చేరినవి. సామాన్యముగ శిక్ష మూడేండ్ల వరకు. రహస్యముగ దాచిన సందర్భములలో ఏడేండ్ల వరకు ఖైదు.

అయినను ప్రజలకు ఎక్కువ కోపము తెప్పించినది శిక్ష గాదు, మినహాయింపుల పట్టిక. ఐరోపావారికిని, ఆంగ్లో ఇండియనులకును లైసెన్సు అక్కరలేదు. గొప్ప జమీందారులకు, బిరుదులు పొందినవారికి కొన్ని మినహాయింపులుండెను. కొడగుదేశపు కొడవులకు 1861లోనే ప్రత్యేకమైన మినహాయింపు లభించినది. తక్కినవారు దరఖాస్తు పెట్టుకొని, దొరగారి దయకొఱకు వేచియుండవలెను. మన్యపు అంచున పంటలను అడవిపందులనుండి కాపాడుకొను రైతునకు తుపాకి దొరకదు. వినోదమునకు వేటాడవచ్చిన తెల్లదొరకు అడ్డులేదు. ప్రజలు విడిచిన ఆయుధమునకు బదులు ప్రభుత్వము రక్షణ కల్పించునన్న మాటయే నిజమైనచో, ఆ మాట అందరికిని ఒక్కరీతిగ వర్తింపవలెను గదా! చర్మపు రంగును బట్టి నమ్మకమును కొలుచు చట్టము నేరములను అరికట్టుటకు పుట్టినదని ఎవరు నమ్ముదురు?

ఈ ప్రశ్న త్వరలోనే బహిరంగసభ కెక్కినది. 1887 డిసెంబరులో బద్రుద్దీన్ తయబ్జీ అధ్యక్షతను మద్రాసున జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ, ఆయుధముల చట్టమును సవరింపవలెనని తీర్మానించెను. ఈ చట్టము ప్రజల రాజభక్తిపై అనవసరమైన నింద మోపుచున్నదనుట సభవారి వాదము. 1918లో గాంధిమహాత్ముడు ఖేడా జిల్లాలో సైన్యమునకు జనులను చేర్చుచు ప్రకటించిన కరపత్రమున, ఆంగ్లపరిపాలనలోని చెడుపనులలో ఒక జాతినంతటిని నిరాయుధము చేసిన చట్టమే మిక్కిలి నల్లనిదిగా చరిత్ర ఎంచునని వ్రాసిరి. అహింసావ్రతుడు ఇట్లు వ్రాయుట కొందరికి వింతగ తోచవచ్చును. ఆయుధము నెత్తగల శక్తియుండి దానిని విడుచుట అహింస యగునుగాని, పెరుకుకొనగా మిగిలిన వట్టిచేయి అహింస కాజాలదని వారి భావముగా మేము తలంతుము. 1930 జనవరిలో వారు ప్రభుత్వము ముందుంచిన పదునొకండు కోర్కెలలో, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ప్రజాయత్తమైన అదుపునకు లోబడి ఇయ్యవలెననుట యొకటి. మరుసటి యేడు కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానములో, నిబంధనలకు లోబడి ఆయుధములు ధరించు హక్కును పౌరులందరకును ఉండవలెనని పేర్కొనెను. ఈలోగా 1920 నుండి క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చి, జాతిని బట్టి చూపు భేదము కాగితముపై తొలగినది. లైసెన్సు ఇచ్చు చేయి మాత్రము వెనుకటిదే.

ఇక ఈ చట్టము తాను తలపెట్టిన పనినైన చేసినదా? తిరుగుబాటును ఆపగలిగినదా? 1914 ఆగస్టు 26వ తేదీన కలకత్తాలో రాడ్డా కంపెనీకి వచ్చిన సరకులో 50 మౌజరు పిస్తోళ్ళు, 46,000 తూటాలు విప్లవకారుల చేతబడినవి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగ మూడు దినములలో దాడి చేసి, 26 తుపాకులను, దాదాపు 2,500 తూటాలను గైకొనెను. మన్యమున తుపాకు లేకపోగా, తుపాకులున్న చోటునకే ఆయన నడచిపోయెను. 1930 ఏప్రిలు 18వ తేదీన చిట్టగాంగున సూర్యసేను అనుచరులు ఆయుధాగారమును పట్టుకొనిరి. తుపాకులు చిక్కినవి గాని వానికి సరిపడు తూటాలు దొరకలేదు. ఆ ఒక్క లోపము వారి ఉద్యమమున కెంత దెబ్బ తీసినదో చరిత్ర చెప్పుచున్నది.

ఈ మూడు ఉదాహరణముల నుండి రెండు పాఠములు నేర్చుకొనవచ్చును. ప్రాణములకు తెగించినవానిని లైసెన్సు నిబంధన ఆపలేదనుట మొదటిది. అయినను ఆయుధ మరుదుగ నుండుట వలన, తూటాలు మరింత అరుదుగ నుండుట వలన, తెగించినవారి పని కూడ మిక్కిలి కష్టమగుననుట రెండవది. నేటికిని తుపాకి చట్టముల వాదములో ఒక పక్షమువారు మొదటి పాఠమునే చదువుదురు. రెండవ పక్షమువారు రెండవ పాఠమునే చదువుదురు. రెంటిని కలిపి చదువవలెను.

నిజాము రాష్ట్రమున ఒప్పందము తలక్రిందులైన తీరును తెలంగాణపు పల్లెలు చూచినవి. అచ్చట దేశముఖుల గడీలలో తుపాకులుండెను. వెట్టి చేయు జనుల చేతిలో కఱ్ఱలు, వడిసెలలు ఉండెను. 1946 జులై 4వ తేదీన కడవెండిలో ఊరేగింపుపై విసునూరు దేశముఖు మనుష్యులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరగెను. రక్షింపవలసిన ప్రభుత్వము గడీ పక్షమున నిలిచినపుడు, నిరాయుధులైన ప్రజలు ఆయుధమును వెదకికొనుట ఆశ్చర్యము కాదు. తరువాత నాలుగైదేండ్లు ఆ పల్లెలలో తుపాకులే మాటలాడినవి. 1951 అక్టోబరులో పోరాటమును విరమించిరి.

స్వరాజ్యము వచ్చిన ఆరు నెలలలోపలనే దేశమునకు పిడుగుపాటు కలిగినది. 1948 జనవరి 30వ తేదీన బాపూజీని బలిగొన్నది ఇటలీలో తయారయిన బెరెట్టా పిస్తోలు. అది గ్వాలియరులో సంపాదింపబడి, లైసెన్సు లేకయే ఢిల్లీకి చేర్చబడినదని ఎఱ్ఱకోట విచారణలో ఆయుధముల చట్టము క్రింద కూడ నేరారోపణ జరిగినది. చట్టము పుస్తకములో నుండెను. పిస్తోలు చట్టము కన్నుగప్పి వచ్చెను. అటు దేశవిభజన నాటి మారణకాండ ఇంకను మనస్సులందు పచ్చిగ నుండెను.

ఈ వాతావరణమున, 1948 డిసెంబరు మొదటి దినములలో, రాజ్యాంగసభ పౌరస్వాతంత్ర్యములను చర్చించెను. ఆయుధములు ఉంచుకొని ధరించు హక్కును ప్రాథమిక హక్కులలో చేర్పవలెనని హరివిష్ణు కామత్ సవరణ ప్రతిపాదించెను. కరాచీ తీర్మానము వెలువడి అప్పటికి పదునేడేండ్లు. డాక్టరు అంబేద్కరు ఆ సవరణ నంగీకరింపలేదు. ఎవరికి తోచిన ఆయుధమును వారు అంగడిలో కొనుక్కొనగలిగినచో ప్రభుత్వమే నడువదనియు, నేరస్వభావము కలవారి చేతికి కూడ ఆ హక్కు పోవుననియు వారు వాదించిరి. ఆయుధము ధరించుట పౌరుని హక్కు అనుటకంటె, దేశమున కావశ్యకమైనపుడు అది వాని విధి యనుట మేలని వారు చెప్పగా సభవారు హర్షించిరి. సవరణ వీగిపోయినది. నేటి మన రాజ్యాంగములో పంతొమ్మిదవ అధికరణము పౌరులకు శాంతియుతముగ, ఆయుధములు లేక సమావేశమగు స్వాతంత్ర్యమును ఇచ్చుచున్నది. ఇరువదియైదవ అధికరణపు వివరణములో సిక్కుల కృపాణము మాత్రము మతధర్మముగా గుర్తింపబడినది.

రాజ్యాంగము హక్కుగా ఇయ్యనిదానిని చట్టము కొంతవరకు సౌకర్యముగా ఇచ్చినది. 1959లో పార్లమెంటు ఆమోదించిన క్రొత్త ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. పాతచట్టము శాంతిప్రియులైన పౌరులను నిరాయుధులను గావించగా, బందిపోట్లు మాత్రము దొంగదారిని ఆయుధములు సంపాదించుచున్నారను భావము ఆ చట్టరచనకు ప్రేరకము. యుద్ధములకు తగిన ప్రమాదకరమైన ఆయుధములు సామాన్యులకు దొరకరాదు. ఆత్మరక్షణకు తగినవి మాత్రము, నడవడియందు దోషము లేనివారికి, లైసెన్సుపై దొరకవలెను. సామాన్యమైన కత్తులకు, విల్లంబులకు దేశమంతట లైసెన్సు కావలెనను పాతపద్ధతి పోయినది. పంటల రక్షణకు మందుకూరి పేల్చు నాటు తుపాకిని రైతునకు ఇయ్యవచ్చునని ప్రత్యేకముగ పేర్కొనిరి. తగినంత ఆస్తి లేదను ఒక్క కారణముచే ఎవరికిని లైసెన్సు నిరాకరింపరాదని కూడ ఆ చట్టము చెప్పుచున్నది. బిరుదులు, మాన్యములు చూచి తుపాకి నిచ్చిన కాలమునకు ఈ ఒక్క వాక్యము సమాధానము.

ఆచరణలో నేమి జరుగును? దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటు వద్దకు పోవును. పోలీసువారు దరఖాస్తుదారుని నడవడిని విచారించి నివేదిక పంపుదురు. నిరాకరించినచో కారణము వ్రాసి చెప్పవలెను. దానిపై అప్పీలు కలదు. ఎన్నికలు వచ్చినపుడు లైసెన్సుదారులు తమ తుపాకులను ఠాణాలో అప్పగించుటను మన జిల్లాలలో చాలమంది చూచియుందురు. 1983లో ఒక మనుష్యునకు మూడు తుపాకులకు మించరాదని సవరణ వచ్చినది. 2019లో ఆ సంఖ్యను రెంటికి తగ్గించిరి. పెండ్లిండ్లలో, ఊరేగింపులలో ఉత్సాహము కొఱకు తుపాకులు పేల్చి ఇతరుల ప్రాణములకు ముప్పు తెచ్చుటను కూడ ఆ యేటి సవరణ ప్రత్యేక నేరముగా చేసి, రెండేండ్ల వరకు ఖైదును, లక్ష రూపాయల వరకు జరిమానాను నిర్ణయించెను.

ఇక నేరముల లెక్కకు వత్తము. 2016 డిసెంబరు చివరకు దేశములో తుపాకి లైసెన్సులు సుమారు 33 లక్షల 69 వేలు. అందు 12 లక్షల 77 వేలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే యున్నవి. కాని చిన్న ఆయుధములను గూర్చి పరిశోధించు ఒక అంతర్జాతీయ సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారము, మన దేశములో పౌరుల చేతులందున్న తుపాకులు 7 కోట్లకు పైగా. అంచనాలో ఎంత పొరపాటు ఉన్నదనుకొన్నను, లైసెన్సు లేని ఆయుధములే ఎన్నోరెట్లు ఎక్కువ యని తేలుచున్నది. తుపాకితో జరుగు హత్యలలో అధికభాగము లైసెన్సు లేని ఆయుధములతోనే జరుగుచున్నట్లు ప్రభుత్వపు నేరగణాంకములు ఏటేట చూపుచున్నవి. మీర్‌ఖాసిం నవాబు కాలము నుండి తుపాకుల పనితనమునకు పేరుగాంచిన ముంగేరులో లైసెన్సుగల కర్మాగారములును ఉన్నవి, దొంగచాటు కొలుములును ఉన్నవి. నాటు పిస్తోలుకు దరఖాస్తు అక్కరలేదు, పోలీసు నివేదిక అక్కరలేదు.

ఇది చూచి, చట్టము మంచివారినే బంధించినది, దుర్మార్గులను బంధింపలేదని కొందరందురు. వారి మాటలో నిజమున్నది. పూర్ణమైన నిజము లేదు. మన దేశమున జరుగు హత్యలలో తుపాకి పాలు అల్పము. కత్తి, కఱ్ఱ, రాయి మొదలగువాని పాలే అధికము. అమెరికాసంయుక్తరాష్ట్రములలో ఇటీవలి సంవత్సరములలో హత్యలలో దాదాపు నాలుగింట మూడువంతులు తుపాకితోనే జరిగినవి. అచ్చట 1791 నాటి రాజ్యాంగసవరణ ఆయుధములు ధరించు హక్కును గుర్తించినది. అది వ్యక్తికి చెందిన హక్కు అని 2008లో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అచ్చట పౌరుల వద్దనున్న తుపాకులు జనసంఖ్యను మించినవి. కోపము, అసూయ, అప్పుల తగాదాలు అన్ని దేశములందును ఒక్కటే. ఆ కోపపు నిమిషమున చేతికందునది కఱ్ఱయైనచో తల పగులును, మనిషి బ్రదుకవచ్చును. తుపాకియైనచో ప్రాణాపాయము మరింత ఎక్కువ.

అయినను తొందరపడి తీర్పు చెప్పరాదు. పౌరులు తుపాకి ధరించి తిరుగుటకు అనుమతించినచో నేరములు తగ్గునని అమెరికాలో కొందరు పండితులు 1990 ప్రాంతముల నుండి వాదించిరి. ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి ఈ వాదమును పరీక్షించి, అట్టి చట్టములవలన నేరములు తగ్గినవని గాని పెరిగినవని గాని నిర్ణయించుటకు ఆధారములు చాలవని 2004లో చెప్పినది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిలున పోర్ట్ ఆర్థరు వద్ద ఒక్కడు 35 మందిని కాల్చి చంపగా, ప్రభుత్వము పండ్రెండు దినములలో రాష్ట్రములన్నిటిని ఒప్పించి, కఠిననిబంధనలు విధించి, సుమారు ఆరున్నర లక్షల తుపాకులను సొమ్మిచ్చి కొని నాశనము చేసినది. తరువాత ఇరువది యేండ్లు అంతటి సామూహిక హత్యాకాండ అచ్చట జరుగలేదు. తుపాకితో చేసికొను ఆత్మహత్యలు కూడ తగ్గినవి. ఆ తగ్గుదల అంతకు ముందే మొదలైనదని వాదించువారును లేకపోలేదు. బ్రిటనులో అదే సంవత్సరము డన్‌బ్లేను పాఠశాలలో 16 మంది పసిబిడ్డలు, ఒక ఉపాధ్యాయిని హతులైన పిదప 1997లో చేతిపిస్తోళ్ళను నిషేధించిరి.

మన రాయలసీమ అనుభవము ఈ చర్చకు మరియొక వైపు చూపును. అచ్చటి ముఠాకక్షలలో ప్రాణములు తీసినది ముఖ్యముగ నాటుబాంబు, వేటకొడవలి. తుపాకికి లైసెన్సు లేకున్నచో పగ చల్లారదు. అది మరియొక సాధనమును వెదకికొనును. కొడగుదేశమున దీనికి విరుద్ధమైన దృశ్యము కానవచ్చును. అచ్చటి కొడవులకు 1861 నాటి మినహాయింపు నేటికిని కొనసాగుచున్నది. కేంద్రప్రభుత్వము దానిని 2019లో మరి పదేండ్లు పొడిగించినది. ఇంటింట తుపాకి యున్నను దానిని పూజించు ఆచారమును, దుర్వినియోగమును సహింపని కట్టుబాటును తమకు గలవని వారందురు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచినచో, ఆయుధము వెనుకనున్న సంఘమును చూడక ఆయుధమును మాత్రము లెక్కించుట చాలదని తెలియుచున్నది.

కఠినశిక్షలే మందనుకొన్నవారికి కూడ చరిత్ర జవాబు చెప్పినది. పంజాబు కల్లోలముల కాలమున, 1988లో, నిషిద్ధ ఆయుధముతో ప్రాణము తీసినవానికి మరణదండన తప్పనిసరి యని ఆయుధముల చట్టమున చేర్చిరి. న్యాయమూర్తికి ఆలోచించుటకు చోటియ్యని ఆ నిబంధన రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 1వ తేదీన కొట్టివేసినది.

దీనికి భిన్నమైన మార్గము కూడ మన దేశమున నడచినది. 1951 ఏప్రిలు 18వ తేదీన, తుపాకుల పొగ ఇంకను ఆరని తెలంగాణములో, పోచంపల్లి హరిజనులు వినోబాభావేను భూమి యడిగిరి; వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములు ఇచ్చెదనని లేచెను; భూదానోద్యమ మట్లు పుట్టినది. ఆ వినోబాయే 1960లో చంబలు లోయలకు కాలినడకను పోగా కొందరు బందిపోట్లు తుపాకులను ఆయన పాదముల వద్ద ఉంచిరి. 1972 ఏప్రిలున జయప్రకాశ నారాయణుని ఎదుట జౌరాలో వందలకొలది బందిపోట్లు ఆయుధములు విడిచిరి. దీనివలన బందిపోటుతనము సమూలముగ పోయినదని మేము చెప్పము. భూదానమువలన భూమిసమస్య తీరినదనియు చెప్పము. కాని దోచుకొన్న తుపాకి పోలీసులకు చిక్కుట వేరు, పట్టినవాడే దానిని దింపుట వేరు. రెండవదానికి, దింపిన తరువాత బ్రదుకగలమను నమ్మకము కావలెను.

ఇన్నిటిని చూచిన పిదప మాకు తోచినది ఇది. తుపాకుల చట్టము నేరమును పుట్టకుండ చేయజాలదు. పుట్టిన నేరము ప్రాణాంతకము కాకుండ చాల సందర్భములలో కాపాడగలదు. అది మేలు సేయవలెనన్నచో మూడు పనులు జరుగవలెను. లైసెన్సుగల రైతును మాటిమాటికి ఠాణాకు పిలిచినంత శ్రద్ధగా, దొంగకొలుముల మీదను, తూటాల రాకపోకల మీదను దృష్టి నిలుపవలెను; చిట్టగాంగు నేర్పిన పాఠ మదియే. రెండవది, నియమము అందరికి సమముగ వర్తింపవలెను. పలుకుబడిగలవానికి తుపాకి హోదాచిహ్నమై, నిజముగ ప్రాణభయమున్నవానికి దరఖాస్తు కాగితమై మిగిలినచో, 1878 నాటి మినహాయింపుల పట్టిక క్రొత్తరూపున బ్రదికియున్నట్లే. మూడవదియు ముఖ్యమైనదియు, ఒప్పందములో ప్రభుత్వము పాలు నెరవేరవలెను. ఊరిలో కష్టము వచ్చినపుడు ఠాణా పలుకునను ధైర్యమున్నచోట సామాన్యుడు తుపాకి కొఱకు వెదకడు. వెదకుచున్నాడన్నచో, వానిని అనుమానించుటకు ముందు ఆ ఠాణా సంగతి విచారింపవలెను.

మన రాజ్యాంగము పౌరులను ఆయుధములు లేక సమావేశము కమ్మన్నది. అన్ని వర్గముల జనులు, బలవంతులును బలహీనులును, వట్టిచేతులతో ఒక్కచోట చేరి నిర్భయముగ మాటలాడుకొనవలెనని ఆ మాటకు అర్థము. వట్టిచేతులతో వచ్చినవాడు క్షేమముగ ఇల్లు చేరవలెను. ఆ పూచీ ప్రభుత్వముది. ఆ పూచీ ఏ యే ఊళ్ళలో ఎంతవరకు చెల్లుచున్నదో కనుగొనుటకు లైసెన్సుల లెక్క ఒక్కటియే చాలదు. ఏ ఊరి రైతు, ఏ వాడ కూలి, ఏ ఇంటి ఆడపడుచు రాత్రివేళ తలుపు గడియ వేసికొని నిశ్చింతగా నిదురింపగలుగుచున్నారో కూడ అడిగి తెలిసికొనవలెను.